జోర్డన్ పీటర్సన్ గొడవ: తరచుగా అడిగే ప్రశ్నలు

పండక్కి నలుగురం కలిసినా, వీడియో కాల్‌లో మాట్లాడుకున్నా ఈ పేరు ఒకసారైనా వస్తోంది. ఇంట్లో కుర్రాళ్లు "ఆయన వల్లే దారిలో పడ్డాను" అంటారు. వాళ్ల అక్కలు "ముందు ఆ వీడియో కట్టెయ్" అంటారు. ఇద్దరూ చూపించేది మాత్రం నిమిషం క్లిప్పులే. ఎవరు ఫోన్ చేసినా అవే సందేహాలు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇలా ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. నేను ఆయన అభిమానిని కాదు, ఆయనంటే పడనివాణ్ణీ కాదు.

## ముందుగా, ఈయన ఎవరు?

డాక్టరా, ప్రొఫెసరా, యూట్యూబరా? అసలు ఏం చదివారు?

క్లినికల్ సైకాలజిస్టు. 1962లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో పుట్టి, ఫెయిర్‌వ్యూ అనే చిన్న ఊళ్లో పెరిగారు. 1991లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. 1993 నుంచి 1998 దాకా హార్వర్డ్‌లో పాఠాలు చెప్పి, తర్వాత టొరంటో యూనివర్సిటీలో చేరారు. మందులు రాసే సైకియాట్రిస్టు కాదు, మాట్లాడి చికిత్స చేసే సైకాలజిస్టు. మన దగ్గర ఈ రెండూ ఒకటే అనుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నాను. 1999లో పురాణాలు, నమ్మకాల మీద ఒక లావాటి పుస్తకం రాశారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2013 నుంచి క్లాసులు యూట్యూబ్‌లో పెడుతున్నా, లోకానికి తెలిసింది మాత్రం 2016లో.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు రాసేవాళ్లు బోలెడు మంది. ఈయన మీదే ఇంత గొడవెందుకు?

మిగతావాళ్లు రాజకీయాల జోలికి పోరు. పొద్దున్నే లేవండి, లక్ష్యం పెట్టుకోండి అని ఊరుకుంటారు. ఈయన ఆ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తారు. ఉదాహరణకు, లోకాన్ని తప్పుపట్టే ముందు నీ ఇల్లు నువ్వు చక్కబెట్టుకో అనేది ఆయన ప్రసిద్ధ సూత్రం. ఉద్యోగం దొరక్క గదిలో పడుకున్న కుర్రాడికి అది తండ్రి మాటలా వినిపిస్తుంది. వివక్ష మీద ఊరేగింపు తీస్తున్న అమ్మాయికి అదే మాట "ముందు నోర్మూసుకో" అన్నట్టు వినిపిస్తుంది. ఆయన రెండు అర్థాలూ తెలిసే అంటారని నా అనుమానం.

## 2016–17: సర్వనామాల గొడవ

అసలు గొడవ ఎక్కడ మొదలైంది?

కెనడా ప్రభుత్వం 2016లో సీ-16 అనే బిల్లు పెట్టింది. మానవ హక్కుల చట్టంలో వివక్ష చూపకూడని అంశాల జాబితా ఒకటి ఉంటుంది: జాతి, మతం, వయసు వగైరా. ఆ జాబితాకు జెండర్ ఐడెంటిటీని (పుట్టుకతో సంబంధం లేకుండా తనను తాను ఆడగానో మగగానో మరోలాగో భావించుకోవడం), దాని వ్యక్తీకరణను చేర్చడం ఆ బిల్లు పని. దానికి వ్యతిరేకంగా 2016 సెప్టెంబరులో పీటర్సన్ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టారు. ఎవరైనా తమను ఫలానా సర్వనామంతో పిలవమంటే, చట్టం బలవంతం చేసినంత మాత్రాన పిలవను అన్నారు. ఒక మాట అనొద్దని నిషేధించడం వేరు, ఈ మాటే అనాలని నోట్లో పెట్టడం వేరు అనేది ఆయన వాదన. విద్యార్థులు నిరసన తెలిపారు, యూనివర్సిటీ రెండు హెచ్చరిక లేఖలు పంపింది. బిల్లు 2017 జూన్‌లో చట్టమైంది.

తెలుగువాళ్లకు ఈ పేచీ మొదట తలకెక్కదు. మనం ఒక్క మనిషినైనా మర్యాదకు "వారు" అంటాం, అందులో ఆడా మగా తేడా లేదు. అయితే "ఆయన" అనాల్సిన మనిషిని "వాడు" అంటే ఎంత రభస అవుతుందో మనకు బాగా తెలుసు. ఇంగ్లిష్‌లో జరిగిన గొడవ కూడా ఆ మర్యాద గురించే. చట్టం వచ్చి మధ్యలో నిలబడటమే తేడా.

సర్వనామం తప్పుగా వాడితే కెనడాలో నిజంగా జైల్లో వేస్తారా?

సీ-16లో సర్వనామం అనే మాటే లేదు. క్రిమినల్ కోడ్‌లో అది మార్చినవి ప్రధానంగా రెండు: ఒక గుంపును చంపమని ప్రచారం చేయడం, ద్వేషాన్ని రెచ్చగొట్టడం లాంటి నేరాల కింద రక్షణ పొందే వర్గాల్లో ట్రాన్స్‌జెండర్లను చేర్చడం ఒకటి, వాళ్ల మీద ద్వేషంతో చేసిన నేరానికి శిక్ష ఖరారు చేసేటప్పుడు ఆ ద్వేషాన్ని లెక్కలోకి తీసుకోవడం రెండోది. కాబట్టి క్లాసులో "ఆమె"కు బదులు "అతను" అన్నందుకు పోలీసులు రారు. కెనడా బార్ అసోసియేషన్ కూడా ఈ చట్టం ఎవరి నోటా బలవంతంగా మాటలు పలికించదని సెనేట్‌కు రాసింది.

అయితే పీటర్సన్ భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కూడా కాదు. సీ-16 కేంద్ర పరిధిలోని సంస్థలకు వర్తిస్తుంది: బ్యాంకులు, విమానాలు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు. టొరంటో యూనివర్సిటీ ఒంటారియో రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది, ఆ చట్టంలో ఇవే మాటలు 2012లోనే చేరాయి. ఒకరు కోరిన పేరునూ సర్వనామాన్నీ వాడననడం ఉద్యోగం, చదువు లాంటి చోట్ల వివక్ష కిందికి రావచ్చని ఆ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. 2021లో బ్రిటిష్ కొలంబియాలో ఒక రెస్టారెంట్ ఉద్యోగిని మేనేజర్ పదేపదే కావాలని తప్పు సర్వనామాలతో, ముద్దుపేర్లతో పిలిచి, చివరికి ఉద్యోగం పోయేలా చేస్తే, అక్కడి ట్రిబ్యునల్ 30,000 డాలర్ల పరిహారం ఇప్పించింది. అంటే జైలు అబద్ధం, ఉద్యోగ స్థలంలో డబ్బు రూపంలో బాధ్యత నిజం. క్లిప్పుల్లో ఈ రెండూ కలిసిపోతాయి.

విచిత్రమేమిటంటే, ఏ చట్టం మీద పోరాడి ఆయన ప్రపంచ ప్రసిద్ధుడయ్యారో అది ఆయన క్లాసుకు నేరుగా వర్తించేది కాదు. వర్తించే చట్టం అప్పటికి నాలుగేళ్లుగా అమల్లో ఉంది.

ఆయన వీడియో చూపించినందుకే ఒక టీచర్‌ని గదిలో కూర్చోబెట్టి నిలదీశారట?

నిజమే. 2017 నవంబరులో ఒంటారియోలోని విల్‌ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీలో జరిగింది. ఒక టీచింగ్ అసిస్టెంటు వ్యాకరణం మీద క్లాసు చెప్తూ, పీటర్సన్ పాల్గొన్న టీవీ చర్చలోంచి చిన్న ముక్క చూపించారు. పైవాళ్లు ఆమెను పిలిచి మందలించారు. ఆయన మాట తప్పని చెప్పకుండా ఆ క్లిప్ చూపించడాన్ని హిట్లర్ ప్రసంగం చూపించడంతో పోల్చారు. ఆమె ఆ మీటింగ్‌ని వాళ్లకు తెలియకుండా రికార్డు చేశారు. అది బయటికి రాగానే యూనివర్సిటీ అధ్యక్షురాలు క్షమాపణ చెప్పారు, మందలించిన ప్రొఫెసరూ చెప్పారు. పీటర్సన్ 2018లో ఆ యూనివర్సిటీ మీద 15 లక్షల డాలర్లకు దావా వేశారు. ఆయన పేరు తెలియని వాళ్లకు కూడా ఆ నెలలో తెలిసింది. ఆయన మీద కోపమున్న వాళ్లు ఆయనకు చేసిపెట్టినంత ప్రచారం అభిమానులు కూడా చేయలేదేమో.

యూనివర్సిటీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిందా?

లేదు. 2022 జనవరిలో తానే తప్పుకున్నట్టు ప్రకటించారు. ఎమెరిటస్ హోదా, అంటే తప్పుకున్న ప్రొఫెసర్లకు ఇచ్చే గౌరవ హోదా, మిగిలింది.

## 2018–19: పుస్తకం, టీవీ, సభలు

ఛానల్ 4 ఇంటర్వ్యూలో యాంకర్‌ని "ఉతికి ఆరేశారు" అంటారు. అంత ఉందా?

2018 జనవరిలో, ఆయన '12 రూల్స్ ఫర్ లైఫ్' పుస్తకం వచ్చిన రోజుల్లో, బ్రిటన్‌లో కాథీ న్యూమన్ చేసిన అరగంట ఇంటర్వ్యూ అది. ఆడా మగా జీతాల తేడా దగ్గర వేడెక్కింది. ఆయన ఒకటి చెప్తే ఆమె "అంటే మీరు అనేది..." అంటూ ఆయన అనని దాన్ని ఆయనకు అంటగట్టబోయారు. అలా చాలాసార్లు జరిగింది. వినకుండా ప్రశ్న వేస్తే ఏమవుతుందో జర్నలిజం కాలేజీల్లో చూపించదగ్గ ఇంటర్వ్యూ.

చర్చలో నెగ్గడం వేరు, విషయంలో నెగ్గడం వేరు. జీతాల తేడాకు పని గంటలు, ఎంచుకున్న రంగం, పిల్లల పెంపకం లాంటి కారణాలు చాలా ఉన్నాయని ఆయన అన్నది ఆర్థికవేత్తలు ముందునుంచీ చెప్తున్నదే. దాన్నిబట్టి వివక్ష లేదని తేలదు. పిల్లల పెంపకం బరువు ఒకరి మీదే ఎందుకు పడుతుందనే ప్రశ్న ఆ అరగంటలో సరిగా రానేలేదు. ప్రసారమయ్యాక న్యూమన్‌కి ఎంత దారుణమైన తిట్లు, బెదిరింపులు వచ్చాయంటే ఛానల్ భద్రతా నిపుణులను పిలవాల్సి వచ్చింది. బెదిరించడం ఆపమని పీటర్సన్ కూడా అభిమానులకు చెప్పారు.

లాబ్‌స్టర్ బొమ్మ టీషర్టులు వేసుకుంటారేమిటి?

పుస్తకం మొదటి అధ్యాయం వల్ల. లాబ్‌స్టర్లు కొట్టుకుంటాయి, గెలిచినది నిటారుగా నిలబడుతుంది, ఓడినది ముడుచుకుపోతుంది, దాని వెనక సెరటోనిన్ అనే రసాయనం ఉంది, మనలోనూ అదే ఉంది, కాబట్టి హోదాల నిచ్చెన పెట్టుబడిదారీ విధానం కనిపెట్టింది కాదు అంటారు. చివర్లో సలహా: భుజాలు వెనక్కి పెట్టి నిలబడు. సలహా మంచిదే, మా డ్రిల్లు మాస్టారు లాబ్‌స్టర్ లేకుండానే చెప్పేవారు. శాస్త్రం దగ్గరే చిక్కు. సెరటోనిన్ పెరిగితే లాబ్‌స్టర్‌కి పోట్లాట బుద్ధి పెరుగుతుంది, మనుషుల్లో మాత్రం అది తగ్గినప్పుడు దూకుడు పెరగడాన్ని పరిశోధకులు ఎక్కువగా చూశారు. పైగా జంతువుల్లో ఉన్నంత మాత్రాన మనుషుల్లో ఉండాల్సిందేనని ఒప్పుకుంటే, తల్లి చీమ రాజ్యాన్నీ ఒప్పుకోవాలి.

"బలవంతపు ఏకపత్నీవ్రతం" కావాలన్నారా? ఆడవాళ్లను పంచిపెట్టమన్నట్టేగా?

2018 ఏప్రిల్‌లో టొరంటోలో ఒకడు వ్యాన్‌తో జనాన్ని తొక్కించి చంపాడు. ఆడవాళ్లు తమను కాదన్నారనే కక్షతో రగిలే కుర్రాళ్ల ముఠాలను పొగుడుతూ వాడు ముందు ఒక పోస్టు పెట్టాడు. మరుసటి నెల న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనంలో పీటర్సన్ దీనికి మందు "ఎన్‌ఫోర్స్‌డ్ మొనోగమీ" అన్నట్టు వచ్చింది. ప్రభుత్వం ఆడవాళ్లను కేటాయించాలని తాను అనలేదనీ, ఒకరికి ఒకరు అనే కట్టుబాటును సమాజం ప్రోత్సహించడానికి మానవశాస్త్రంలో వాడే మాట అదనీ ఆయన తర్వాత వివరణ రాశారు. ఆ వివరణ నమ్మదగ్గదే, పంచిపెట్టమన్నారనడం అన్యాయం. కానీ పదిమందికి పైగా ప్రాణాలు తీసినవాడి గురించి మాట్లాడుతూ, పరిష్కారం పెళ్లిళ్ల దగ్గర వెతకడమేమిటి? "పెళ్లి చేస్తే వాడే బాగుపడతాడు" అనే మాట విని కాపురానికొచ్చి నలిగిపోయిన కోడళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఆడవాళ్లకు ఈ మాట మంట పుట్టించిందంటే ఆశ్చర్యం లేదు.

కేంబ్రిడ్జి పిలిచి వద్దనడం ఏమిటి?

2019 మార్చిలో ఆయనకు ఇవ్వజూపిన విజిటింగ్ ఫెలోషిప్‌ను కేంబ్రిడ్జి యూనివర్సిటీ వెనక్కి తీసుకుంది. ముస్లింలను ద్వేషిస్తానని గర్వంగా రాసి ఉన్న టీషర్టు వేసుకున్న ఒకతనితో ఆయన దిగిన ఫొటోను యూనివర్సిటీ కారణంగా చూపింది. అభిమానులతో వరసగా వందల ఫొటోలు దిగే సభల్లో తీసినది అది. 2021 నవంబరులో ఆయన కేంబ్రిడ్జికి వెళ్లి మాట్లాడి వచ్చారు.

స్లొవేనియాకు చెందిన మార్క్సిస్టు తత్వవేత్త జిజెక్‌తో డిబేట్ చూడాలా?

2019 ఏప్రిల్‌లో టొరంటోలో జరిగింది. పీటర్సన్ కమ్యూనిస్టు మేనిఫెస్టో ఒక్కటి మళ్లీ చదువుకుని వచ్చానన్నారు, అది తెలిసిపోతుంది కూడా. నిద్ర పట్టని రాత్రి చూడండి.

## 2019–20: జబ్బు, మందులు

పదిమందికి బతకడం నేర్పే మనిషి మాత్రలకు బానిసయ్యారట. ఇంక ఆయన సలహాకు విలువేముంది?

ఆయన వాడినది క్లోనజెపామ్, మన దగ్గర టెన్షన్‌కి, నిద్రకి, ఫిట్స్‌కి రాసే మందుల కుటుంబంలోదే. డాక్టరు రాస్తేనే మొదలుపెట్టారు. 2019లో భార్యకు కిడ్నీ క్యాన్సర్ అని తేలాక మోతాదు పెరిగింది. తర్వాత ఆపబోతే శరీరం ఎదురు తిరిగింది. ఒక్కచోట కూర్చోలేని, నిలబడలేని భయంకరమైన అలజడి పట్టుకుంది. 2020 జనవరిలో కుటుంబం ఆయన్ని రష్యాకు తీసుకెళ్లింది, అక్కడి డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారు. తర్వాత సెర్బియాలో చికిత్స.

దీన్ని ఎగతాళి చేసినవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఈ మందులకు శరీరం అలవాటు పడటానికి మనోబలంతో పనిలేదు. వారాల తరబడి వాడితే ఎవరికైనా రావచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటి మాత్ర ఏళ్లుగా వేసుకుంటుంటే, ఈ కథ విని ఒక్కసారిగా ఆపించకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగా తగ్గించాలి.

అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటి ఉంది. కష్టాలకు బాధ్యత నీదే అని గట్టిగా చెప్పే మనిషికి తన కష్టంలో డాక్టర్లు, డబ్బు, పలు దేశాల ఆసుపత్రులు, పక్కనే ఉండి చూసుకునే కూతురు అవసరమయ్యాయి. ఇవేవీ లేనివాళ్లకు ఆయన పుస్తకం ఏం చెప్తుంది?

గొడ్డుమాంసం, ఉప్పు, నీళ్లు తప్ప ఏమీ తినరట?

2018లో ఆయనే చెప్పారు. కూతురికి కీళ్ల జబ్బు ఈ తిండితో తగ్గిందన్నాక ఆయనా మొదలుపెట్టారు. అందరూ ఇలా తింటే మంచిదని నిరూపించిన పరీక్షలేవీ లేవు. వాళ్లిద్దరి అనుభవం వాళ్లిద్దరిదే.

## 2022–24: ట్వీట్లు, లైసెన్సు కేసు

ట్విట్టర్ ఆయన్ని ఎందుకు గెంటేసింది?

2022 మేలో ఒక స్విమ్‌సూట్ పత్రిక కవరు మీది లావుపాటి మోడల్ ఫొటోకి "సారీ, అందంగా లేదు" అని రాశారు. తిట్లు పడ్డాక ట్విట్టర్ మానేస్తున్నానన్నారు. మానలేదు. జూన్‌లో ట్రాన్స్‌జెండర్ నటుడు ఎలియట్ పేజ్ గురించి, పాత పేరు వాడుతూ, ఆపరేషన్ చేసిన డాక్టర్ని నేరస్థుడంటూ రాశారు. ఆ ట్వీటు తీసేస్తేనే ఖాతా ఇస్తామని కంపెనీ చెప్పింది. చావనైనా చస్తాను కానీ తీయనన్నారు. ఎలాన్ మస్క్ కంపెనీని కొన్నాక నవంబరులో ఖాతా తిరిగి వచ్చింది.

సైకాలజిస్టు లైసెన్సు రద్దు చేశారా?

ట్వీట్ల మీద ఫిర్యాదులతో మొదలైన కేసులో రద్దు చేయలేదు. సోషల్ మీడియాలో వృత్తి మర్యాద మీద, సొంత ఖర్చుతో శిక్షణ తీసుకోమని సైకాలజిస్టుల నియంత్రణ సంస్థ చెప్పింది. తీసుకోకపోతే క్రమశిక్షణ చర్య దాకా, అక్కడినుంచి లైసెన్సు దాకా పోయే వీలుంది. అంటే కత్తి వేలాడిన మాట నిజం, మెడ మీద పడిందనేది అబద్ధం.

ఇంట్లో కూర్చుని ట్వీటు పెడితే లైసెన్సుకేం సంబంధం? వాక్ స్వాతంత్ర్యం లేదా?

మన డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్, లాయర్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టే అక్కడ సైకాలజిస్టులకు ఒక నియంత్రణ సంస్థ ఉంది, అప్పట్లో దాని పేరు కాలేజ్ ఆఫ్ సైకాలజిస్ట్స్ ఆఫ్ ఒంటారియో. పేరులో కాలేజీ ఉన్నా పాఠాలు చెప్పే కాలేజీ కాదు. జనం నుంచి ఫిర్యాదులు వెళ్లాయి. మోడల్ మీద, పేజ్ మీద రాసినవి, ఒట్టావా నగర కౌన్సిలర్ని తిట్టినది, జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో ఒక పాత క్లయింటు గురించి నోరు జారినది అందులో ఉన్నాయి. సంస్థ కమిటీ 2022 నవంబరులో శిక్షణ ఆదేశం ఇచ్చింది.

ఇవి నా రాజకీయ అభిప్రాయాలు, సైకాలజిస్టుగా అన్నవి కావు అని పీటర్సన్ కోర్టుకెక్కారు. 2023 ఆగస్టులో ఒంటారియో డివిజనల్ కోర్టు ముగ్గురు జడ్జీలూ ఒకే మాటగా కొట్టేశారు, 25,000 డాలర్ల ఖర్చులు కట్టమన్నారు. ప్రొఫైల్‌లో క్లినికల్ సైకాలజిస్టు అని పెట్టుకుని ఆ గౌరవాన్ని వాడుకుంటూ, దాని నియమాలు మాత్రం నాకు వర్తించవంటే కుదరదనేది తీర్పు సారం. 2024 జనవరిలో పై కోర్టు అప్పీలుకు అనుమతి ఇవ్వలేదు.

నాకిప్పటికీ ఇందులో పీట ముడి ఒకటి కనిపిస్తుంది. క్లయింటు గురించి పబ్లిగ్గా మాట్లాడటం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ కౌన్సిలర్ని తిట్టడం మర్యాద తక్కువ పని, దానికీ చికిత్స నాణ్యతకూ సంబంధమేమిటి? రేపు మన డాక్టరు ఒకాయన మంత్రిని ఫేస్‌బుక్‌లో తిడితే, కౌన్సిల్ నోటీసిస్తే మనం ఎటు నిలబడతాం? మంత్రి ఎవరన్నదాన్ని బట్టి కదా! ఆల్బర్టా ప్రభుత్వం ఇదే కేసును చూపిస్తూ, ఉద్యోగం బయట అన్న మాటల మీద ఇలాంటి సంస్థల అధికారానికి హద్దులు పెట్టే బిల్లు 2025 చివర్లో తెచ్చింది. దానికి వచ్చిన ముద్దుపేరు పీటర్సన్ చట్టం.

## ఇప్పుడు

రష్యా దగ్గర డబ్బు తీసుకున్నారని ప్రధానే అన్నారు కదా?

2024 అక్టోబరులో విదేశీ జోక్యంపై విచారణ కమిషన్ ముందు అప్పటి కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో ప్రమాణం చేసి మరీ, రష్యా ప్రభుత్వ ఛానల్ ఆర్‌టీ ఆయనకు డబ్బిస్తోందని అన్నారు. అక్కడ ఆధారం చూపలేదు. పీటర్సన్ అది అబద్ధమన్నారు.

మావాడు రోజంతా ఈయన మాటలే వింటున్నాడు. ఆపించాలా?

ఏం వింటున్నాడో ముందు మీరూ పక్కన కూర్చుని వినండి. పాత క్లాసు పాఠాలు, నిజం చెప్పు, స్నేహితులను జాగ్రత్తగా ఎంచుకో లాంటివైతే నాకు అభ్యంతరం లేదు. 2022 తర్వాతి వాతావరణ మార్పు వీడియోలైతే జాగ్రత్త. అది ఆయన చదివిన శాస్త్రం కాదు, వాతావరణ శాస్త్రవేత్తలు తప్పులు పట్టారు. సెల్ఫోన్ లాక్కుంటే మాత్రం వాడు రెట్టింపు వింటాడు, మా ఇంట్లో జరిగింది. మా మేనల్లుడు టొరంటోలో చదువుతూ వీటిలో పడ్డాడు. "ఆ ముసలాయన మాటలేంట్రా" అని నేను ఎగతాళి చేస్తే ఆర్నెల్లు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, మంచులో ఒంటరిగా, పరీక్ష తప్పి, ఎవరికీ చెప్పుకోలేక ఉన్న రోజుల్లో వాడికి లేచి స్నానం చెయ్యమని చెప్పిన గొంతు అదొక్కటేనట. ఆ ఫోను నేను చేసి ఉండాల్సింది.

ఇప్పుడు ఎక్కడున్నారు? ఆరోగ్యం బాగాలేదంటున్నారు?

అమెరికాలోని ఆరిజోనాకు మారారు. 2024లో కూతురితో కలిసి ఆన్‌లైన్ పాఠాల సంస్థ పెట్టారు, దేవుడి మీద ఒక పుస్తకం తెచ్చారు. 2025 మేలో ఇరవైమంది నాస్తికులతో వాదించిన వీడియోలో, మీరు క్రైస్తవులేనా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోవడం మీద చాలా జోకులు పడ్డాయి. ఆ ఆగస్టులో, బూజు పట్టిన చోట ఉండటం వల్ల వచ్చిన జబ్బుతో ఆయన పనులన్నీ ఆపేశారని కూతురు చెప్పింది. తర్వాత న్యుమోనియా, సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్నారని కూడా చెప్పింది.

ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?

ఛానల్ 4 ఇంటర్వ్యూ, మొత్తం అరగంట. ముక్కలు కాదు. చూశాక ఆయన ఏం అన్నారో, ఆమె ఏం అడిగారో మీ మాటల్లో ఒక కాగితం మీద రాసుకోండి. మేనల్లుడూ నేనూ అలాగే చేశాం. మా కాగితాలు రెండూ ఒకేలా లేవు.